సోమవారం వాళ్లు, శుక్రవారం వాళ్లు: డబ్ల్యూడబ్ల్యూఈలో రెజ్లర్ల పంపకం ఎలా జరుగుతుంది?

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ షోలు నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. చిన్నప్పుడు టెన్ స్పోర్ట్స్‌లో చూసి ఎప్పుడో వదిలేసినవాళ్లు చాలామంది మళ్లీ ఓ లుక్కేస్తున్నారు. వాళ్లందరూ అడిగే మాట దాదాపు ఒకటే: ఒక కంపెనీకి ఇద్దరు వరల్డ్ ఛాంపియన్లేంటి? ఒకడు సోమవారం షోలోనే ఎందుకు కనిపిస్తాడు, ఇంకొకడు శుక్రవారం షో దాటి ఎందుకు రాడు? సరే, అది రూలే అనుకుందామంటే, ఏ ముందుమాటా లేకుండా ఒకరోజు ఇవతలివాడు అవతల ప్రత్యక్షమవుతాడు. ఎవరూ ఏమీ అనరు.

దీని వెనక ఇరవయ్యేళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో కథ కొంత, వ్యాపారం చాలా.

నాలుగు మాటలు తెలిస్తే సగం అర్థమైనట్టే

డబ్ల్యూడబ్ల్యూఈకి ప్రతి వారం వచ్చే పెద్ద షోలు రెండు. అమెరికాలో సోమవారం రాత్రి ‘రా’, శుక్రవారం రాత్రి ‘స్మాక్‌డౌన్’. మనకు మంగళవారం, శనివారం పొద్దున్నే వస్తాయి. ఈ ఒక్కో షోను బ్రాండ్ అంటారు. ఎన్ఎక్స్‌టీ అనే మూడో బ్రాండ్ కూడా ఉంది కానీ అది ఎక్కువగా కొత్తవాళ్లు తయారయ్యే చోటు.

ఒక బ్రాండ్‌కి కేటాయించిన మనుషుల జాబితా రోస్టర్. ఆ జాబితాను కొత్తగా వేసే కార్యక్రమం డ్రాఫ్ట్. ఏ జాబితాలోనూ లేకుండా రెండు చోట్లా తిరగగలిగినవాడు ఫ్రీ ఏజెంట్. ఇలా మొత్తం కంపెనీని రెండుగా విడదీసే పద్ధతి పేరు బ్రాండ్ స్ప్లిట్.

డ్రాఫ్ట్ అనగానే మనకు ఐపీఎల్ వేలం గుర్తుకొస్తుంది. అక్కడే పొరపాటు పడతాం. ఐపీఎల్‌లో ఫ్రాంచైజీలకు యజమానులు వేరు, జేబులు వేరు. ఒకరు కొన్న ఆటగాడు ఇంకొకరికి నిజంగానే నష్టం. ఇక్కడ ‘రా’, ‘స్మాక్‌డౌన్’ రెండింటికీ యజమాని ఒక్కడే. రెజ్లర్ సంతకం పెట్టేది డబ్ల్యూడబ్ల్యూఈ కాంట్రాక్ట్ మీద. ‘రా’ కాంట్రాక్ట్ అని విడిగా ఏదీ లేదు. టీవీలో జనరల్ మేనేజర్లు ఒకరి మీద ఒకరు పళ్లు కొరుక్కోవడం, ఫలానావాణ్ని నేను లాక్కున్నానని మురిసిపోవడం కథలో భాగం. మ్యాచ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసుకున్నట్టే, డ్రాఫ్ట్‌లో ఎవరు ఎటు వెళ్లాలో కూడా ముందే రాసుకుంటారు.

పోటీ ఉత్తుత్తిదే అయినా పంపకం మాత్రం నిజం. ఏ ఊరికి వెళ్లాలి, ఎవరితో కుస్తీ పట్టాలి, పోస్టర్ మీద ఎవరి ముఖం ఉండాలి అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

ప్రత్యర్థి లేకపోతే తానే తయారుచేసుకుంది

1990ల చివర్లో అమెరికాలో సోమవారం రాత్రంటే యుద్ధమే. ఒక చానల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) ‘రా’, ఇంకో చానల్లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ ‘నైట్రో’. 2001 మార్చిలో ఆ డబ్ల్యూసీడబ్ల్యూనే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కొనేసింది. అదే ఏడాది ఈసీడబ్ల్యూ అనే మూడో కంపెనీ కూడా దివాలా తీసింది. యుద్ధం గెలిచారు, బాగానే ఉంది. చేతిలో మిగిలింది మూడు కంపెనీల మనుషులు. టీవీలో ఉన్నవి మాత్రం వారానికి అవే కొన్ని గంటలు. ఛాంపియన్‌తో పెద్ద మ్యాచ్ ఆడే అవకాశం ఎప్పుడూ ఇద్దరు ముగ్గురికే.

పైగా ఎదుట పోటీయే లేకపోతే జనానికి ఉత్సాహం ఎక్కడిది? ఈ రెండు సమస్యలకీ కలిపి దొరికిన మందు బ్రాండ్ స్ప్లిట్.

2002 మార్చి 25న పెన్సిల్వేనియాలో జరిగిన ‘రా’ ఎపిసోడ్‌లో మొదటి డ్రాఫ్ట్ పెట్టారు. కథ ప్రకారం కంపెనీలో సగం వాటా రెజ్లర్ రిక్ ఫ్లెయిర్‌ది, సగం కంపెనీ అసలు అధిపతి విన్స్ మెక్‌మాన్‌ది. ‘స్మాక్‌డౌన్’ కోసం విన్స్ మొట్టమొదట ది రాక్‌ను ఎంచుకున్నాడు. వెంటనే ఫ్లెయిర్ అండర్‌టేకర్‌ను ‘రా’కి తీసుకున్నాడు. అలా చెరో పది టీవీలో ఎంచుకున్నాక మిగతావాళ్లను లాటరీ పేరుతో వెబ్‌సైట్‌లో పంచేశారు. స్టీవ్ ఆస్టిన్‌ను మాత్రం ఫ్రీ ఏజెంట్‌గా ఉంచి, ఆ తర్వాత ‘రా’లో చేర్చారు. అంత పెద్ద స్టార్ ఎటు వెళ్తాడన్నది ఇంకో వారం లాగడానికి పనికొచ్చింది మరి. (ఆ మే నెలలోనే, పాండా బొమ్మ గుర్తున్న వన్యప్రాణి సంస్థతో పేరు గొడవలో ఓడిపోయి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కాస్తా డబ్ల్యూడబ్ల్యూఈ అయింది.)

బెల్టు మనిషిదా, షోదా?

అసలు చిక్కంతా ఇక్కడే.

2002లో పంపకం మొదలైనప్పుడు వరల్డ్ ఛాంపియన్ ఒక్కడే. అతను రెండు షోలకూ వచ్చి, రెండు వైపులవాళ్లతోనూ ఆడాలన్నది ఏర్పాటు. ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో బ్రాక్ లెస్నర్ ది రాక్‌ను ఓడించి ఆ బెల్టు గెలిచాడు. గెలిచాక ‘స్మాక్‌డౌన్’కి మాత్రమే వస్తానన్నాడు. దాంతో ‘రా’కి ఛాంపియనే లేకుండా పోయాడు. సెప్టెంబర్ 2న ‘రా’ జనరల్ మేనేజర్ ఎరిక్ బిషాఫ్ ఒక బ్రీఫ్‌కేసు తెరిచి పాత డబ్ల్యూసీడబ్ల్యూ రోజుల నాటి పెద్ద బంగారు బెల్టు తీశాడు. దాన్ని ట్రిపుల్ హెచ్ చేతిలో పెట్టేశాడు. మ్యాచ్ లేదు, ఏమీ లేదు. రెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్ పుట్టింది అలా.

2016లోనూ దాదాపు ఇదే జరిగింది. ఛాంపియన్ డీన్ ఆంబ్రోస్ ‘స్మాక్‌డౌన్’కి వెళ్లడంతో ‘రా’ కోసం యూనివర్సల్ ఛాంపియన్‌షిప్ అని కొత్తది చేశారు. 2023లో మూడోసారి. అప్పటికి రోమన్ రైన్స్ రెండు బెల్టులూ తన దగ్గరే పెట్టుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియాలో లెస్నర్‌ను ఓడించి రెండూ కలిపేశాడు. అతను ‘స్మాక్‌డౌన్’ మనిషి. ‘రా’కి మళ్లీ ఏమీ మిగల్లేదు. కొత్తగా వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ ప్రకటించారు. మే 27న జెడ్డాలో సెత్ రాలిన్స్ అది గెలిచాడు.

గమనించారా? మూడుసార్లూ వరస ఒకటే. ముందు గోడ కట్టారు, తర్వాత ఒక వైపు ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి కొత్త బెల్టు వచ్చింది. ఇద్దరు వరల్డ్ ఛాంపియన్లు ఎందుకున్నారన్న ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు లేదు.

ఇక ఛాంపియన్ బెల్టుతో సహా అవతలి వైపుకి మారితే? 2021 డ్రాఫ్ట్‌లో అలాగే అయింది. ‘రా’ విమెన్స్ ఛాంపియన్ షార్లెట్ ఫ్లెయిర్ ‘స్మాక్‌డౌన్’కి, ‘స్మాక్‌డౌన్’ విమెన్స్ ఛాంపియన్ బెకీ లించ్ ‘రా’కి వెళ్లాల్సి వచ్చింది. బెల్టుల మీద షో పేరే ఉంది కాబట్టి అవి దాటకూడదు. అక్టోబర్ 22న రింగ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి బెల్టులు మార్చుకున్నారు. అంతకు ముందు ఏడాది ట్యాగ్ టీమ్ (జట్టుగా ఆడేవాళ్ల) బెల్టులతోనూ ఇదే తంతు. న్యూ డే ‘రా’కి, స్ట్రీట్ ప్రాఫిట్స్ ‘స్మాక్‌డౌన్’కి మారడంతో జట్లు రెండూ బెల్టులు ఇచ్చిపుచ్చుకున్నాయి. గెలుపు ఓటములతో రావాల్సిన బెల్టు అలా చేతులు మారడం చూడ్డానికి కాస్త వింతగానే ఉంటుంది. 2023లో మళ్లీ ఇదే పరిస్థితి వచ్చినప్పుడు పేర్లే మార్చేశారు. ‘రా’ విమెన్స్, ‘స్మాక్‌డౌన్’ విమెన్స్ అన్న మాటలు తీసేసి, షో పేరు లేని పేర్లు పెట్టారు. ఇప్పుడు బెల్టు ఎటు వెళ్లినా ఇబ్బంది లేదు.

ఖలీ, జిందర్: గోడ దాటాకే దొరికిన కిరీటం

గోడ వల్ల ఎవరికి లాభమో చూడాలంటే మనవాళ్ల ఉదాహరణలే చాలు.

హిమాచల్ ప్రదేశ్ నుంచి వెళ్లిన ది గ్రేట్ ఖలీ 2007 వేసవిలో ‘రా’లో ఉన్నాడు. అక్కడి ఛాంపియన్ జాన్ సీనా. మే నెలలో జడ్జిమెంట్ డే షోలో సీనా చేతిలో ఓడాడు. జూన్ మొదట్లో వన్ నైట్ స్టాండ్‌లో మళ్లీ ఓడాడు. అంతటితో దారి మూసుకుపోయినట్టే. ఒకే ఛాంపియన్ ఉన్న కంపెనీలో రెండుసార్లు ఓడినవాణ్ని మూడోసారి ఎవరూ నిలబెట్టరు. జూన్ 11న డ్రాఫ్ట్ జరిగింది, ఖలీ ‘స్మాక్‌డౌన్’లో పడ్డాడు. అక్కడి ఛాంపియన్ ఎడ్జ్ గాయపడి బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. జులై 20న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఇరవై మంది ఒకేసారి రింగ్‌లో తలపడే బ్యాటిల్ రాయల్ పెట్టారు. ఖలీ గెలిచి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. సీనా చేతిలో ఓడి రెండు నెలలు కూడా కాలేదు. సీనా మాత్రం తన వైపు ఛాంపియన్‌గానే ఉన్నాడు.

పదేళ్ల తర్వాత జిందర్ మహల్. పంజాబీ మూలాలున్న కెనడా రెజ్లర్. 2016లో కంపెనీలోకి తిరిగొచ్చాక ‘రా’లో అతని పని ఎదుటివాణ్ని గెలిపించడమే. 2017 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ బదులు ‘సూపర్‌స్టార్ షేక్-అప్’ పేరుతో మనుషుల్ని అటూ ఇటూ మార్చినప్పుడు అతన్ని ‘స్మాక్‌డౌన్’కి పంపారు. వారం తిరిగేసరికి ఛాంపియన్‌తో తలపడే అవకాశం గెలిచాడు. మే 21న బ్యాక్‌లాష్‌లో రాండీ ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. నవంబర్‌లో ఏజే స్టైల్స్ చేతిలో ఓడేదాకా, దాదాపు ఐదున్నర నెలలు, బెల్టు అతని దగ్గరే ఉంది. భారత మార్కెట్ కోసమే ఇదంతా అని అప్పట్లో అనుకోనివాళ్లు లేరు. ఆ మాట కొట్టిపారేయలేం. కానీ మార్కెట్ ఒక్కటే చాలదు, పైన ఖాళీ కూడా ఉండాలి. ఆ రోజుల్లో ‘రా’లో లెస్నర్, రైన్స్, రాలిన్స్, స్ట్రోమన్ ఉన్నారు. ఆ వరసలో జిందర్‌కి చోటెక్కడిది?

అంటే, రెండో బెల్టు వల్ల ఛాంపియన్ల సంఖ్య పెరగడం ఒక్కటే కాదు, వాళ్లకు కింద ఉన్న ప్రతి మెట్టు మీదా ఇంకొకడికి చోటు దొరుకుతుంది.

మూడుకి రెండు: 2016 లెక్క

మొదటి పంపకం 2011 ఆగస్టులో ఆగిపోయింది. అప్పటి నుంచి ‘రా’లో అందరూ కనిపించొచ్చన్నారు. అలా అన్నాక ‘స్మాక్‌డౌన్’ సోమవారం షోకి తోకలా తయారైంది. ఐదేళ్లకి మళ్లీ ఎందుకు విడగొట్టారు? ‘స్మాక్‌డౌన్’ను మంగళవారం లైవ్‌గా ప్రసారం చేయాలని యూఎస్ఏ నెట్‌వర్క్ చానల్‌తో నిర్ణయమైంది. లైవ్ షో అంటే దానికంటూ సొంత సరుకుండాలి.

2016 జులై 19న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో డ్రాఫ్ట్ జరిగింది. ‘రా’ మూడు గంటల షో, ‘స్మాక్‌డౌన్’ రెండు గంటల షో. అందుకని ‘రా’కి మూడు పేర్లు, ‘స్మాక్‌డౌన్’కి రెండు. ట్యాగ్ టీమ్ అయితే ఎంతమంది ఉన్నా ఒక్క పేరు కిందే లెక్క. మొదటి పది పేర్లు చూడండి. ‘రా’కి: సెత్ రాలిన్స్, షార్లెట్, ఫిన్ బ్యాలర్, రోమన్ రైన్స్, బ్రాక్ లెస్నర్, న్యూ డే. ‘స్మాక్‌డౌన్’కి: డీన్ ఆంబ్రోస్, ఏజే స్టైల్స్, జాన్ సీనా, రాండీ ఆర్టన్. ఆరుకి నాలుగు. కానీ మనుషుల్ని లెక్కపెడితే ఎనిమిదికి నాలుగు, ఎందుకంటే న్యూ డేలో ముగ్గురు.

ఇందులో ఓ విశేషముంది. ఎన్ఎక్స్‌టీ నుంచి అప్పుడే వచ్చిన బ్యాలర్ పేరు రైన్స్ కంటే ముందు పలికారు. డ్రాఫ్ట్‌లో వరస అనేది రాబోయే కథకి ట్రైలర్ లాంటిది. నెల తిరిగేసరికి సమ్మర్‌స్లామ్‌లో మొదటి యూనివర్సల్ ఛాంపియన్ బ్యాలరే. అయితే ఆ మ్యాచ్‌లోనే నిజంగా భుజం దెబ్బతిని, మర్నాడే బెల్టు తిరిగిచ్చేశాడు. సగానికి విరిచిన రోస్టర్‌లో ఒక్కడికి గాయమైతే ఆ షో మొత్తం మళ్లీ రాసుకోవాలి. కలిసి ఉన్నప్పుడు ఈ టెన్షన్ ఇంతగా ఉండదు.

చెక్కు రాసేవాడే గోడ కడతాడు

2019 మే నెలలో విన్స్ మెక్‌మాన్ ‘వైల్డ్ కార్డ్ రూల్’ అని ఒకటి ప్రకటించాడు. వారానికి ఇంతమంది అవతలి షోకి రావచ్చు అని. ముందు ముగ్గురన్నాడు, అదే రాత్రి నలుగురయ్యారు. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. గోడ పేరుకి మాత్రమే మిగిలింది.

అక్టోబర్ వచ్చేసరికి గోడ మళ్లీ లేచింది. కారణం ఫాక్స్ చానల్. ఐదేళ్లకి సుమారు 100 కోట్ల డాలర్లు ఇచ్చి ‘స్మాక్‌డౌన్’ను శుక్రవారానికి తెచ్చుకుంది. ‘రా’ యూఎస్ఏ నెట్‌వర్క్‌లోనే ఉంది. అంత డబ్బు పోసినవాడికి పక్క చానల్లో నాలుగు రోజుల ముందు కనిపించిన ముఖాలే మళ్లీ చూపిస్తామంటే కుదురుతుందా? ఆ నెల డ్రాఫ్ట్‌లో రెండు చానళ్ల ప్రతినిధులు చెరో గదిలో కూర్చుని పేర్లు ఎంచుకుంటున్నట్టు కూడా చూపించారు. కథ కోసమే చూపించినా, అసలు విషయం అంతకంటే సూటిగా ఎప్పుడూ చెప్పలేదేమో.

గోడ కట్టి నెలైనా కాలేదు, విమానం దాన్ని పడగొట్టింది. అక్టోబర్ 31న రియాద్‌లో పెద్ద షో. మర్నాడు బఫలోలో ‘స్మాక్‌డౌన్’ లైవ్. సౌదీ నుంచి రావాల్సిన విమానం ఆగిపోయి చాలామంది రెజ్లర్లు అక్కడే చిక్కుకుపోయారు. లైవ్ షో ఆపలేరు. ఫ్లోరిడాలో ఉండే ఎన్ఎక్స్‌టీ వాళ్లను హుటాహుటిన బఫలోకి రప్పించి, వాళ్లు ‘స్మాక్‌డౌన్’ మీద దండెత్తినట్టు అప్పటికప్పుడు కథ అల్లారు. ఆ నవంబర్‌లో సర్వైవర్ సిరీస్ అనే పెద్ద షో కూడా మూడు బ్రాండ్ల పోరుగా సాగింది.

అదే రాత్రి ఇంకో సర్దుబాటు కూడా జరిగిపోయింది. రియాద్‌లో ‘స్మాక్‌డౌన్’ మనిషి బ్రే వయట్, ‘రా’ వాళ్ల యూనివర్సల్ బెల్టు గెలిచాడు. ‘స్మాక్‌డౌన్’ వైపున్న లెస్నర్ తన డబ్ల్యూడబ్ల్యూఈ బెల్టు భుజాన వేసుకుని ‘రా’కి వెళ్లిపోతున్నానన్నాడు. ఒక్క రోజు తేడాలో రెండు బెల్టులూ గోడకి అటూ ఇటూ మారిపోయాయి.

మంచిదా, చెడ్డదా?

పంపకం కావాలనేవాళ్ల వాదనకి బలముంది. ఎక్కువమందికి పైకొచ్చే దారి దొరుకుతుంది. ఇద్దరు పెద్ద స్టార్లు చాలాకాలం ఎదురుపడకపోతే, ఎదురుపడ్డ రోజు ఆ మ్యాచ్‌కి విలువ ఉంటుంది. కెమెరాలు లేని ఊళ్లలో జరిగే షోలకి రెండు బృందాలు విడివిడిగా తిరిగితే రెండు చోట్ల టికెట్లు తెగుతాయి. 2002 తర్వాత ‘స్మాక్‌డౌన్’లో ఎడ్జ్, కర్ట్ యాంగిల్, ఎడ్డీ గెరేరో, రే మిస్టీరియో లాంటివాళ్లు వారం వారం ఆడిన మ్యాచ్‌లను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. ది రాక్, ట్రిపుల్ హెచ్ ఒకే షోలో నిండిపోయి ఉంటే వీళ్లకి అన్ని నిమిషాలు దక్కేవి కావు.

వద్దనేవాళ్లూ తేలిగ్గా తీసిపారేసే మాటలు చెప్పడం లేదు. రోస్టర్ సగమయ్యాక అదే ఇద్దరు నెలల తరబడి కొట్టుకుంటూ ఉంటారు. ఇద్దరు వరల్డ్ ఛాంపియన్లుంటే అసలు ఛాంపియన్ ఎవరన్న ప్రశ్న ఎప్పుడూ వేలాడుతుంది. బలంగా ఉన్న షో ముందు రెండోది బీ-టీమ్ అయిపోతుంది. ఒక్కో బ్రాండ్‌కి విడి పే-పర్-వ్యూలు (విడిగా డబ్బు కట్టి చూసే పెద్ద షోలు) పెట్టిన రెండుసార్లూ, 2007లో ఒకసారి, 2018లో ఇంకోసారి, మళ్లీ కలిపేశారు. సగం మందితో పెద్ద షో నింపడం ఎంత కష్టమో కంపెనీకే తెలిసొచ్చింది.

నాకు మొదటి పక్షమే నచ్చుతుంది, ఒక్క షరతుతో. రూల్ తప్పడం తప్పేమీ కాదు, తప్పినప్పుడు దానికో కారణం చూపించాలి. 2019లో చిరాకు పుట్టించింది దాటడం కాదు, ఎవరు దాటినా ఎవరికీ పట్టకపోవడం.

పోటీ కంపెనీ దారి వేరు

టోనీ ఖాన్ నడిపే ఏఈడబ్ల్యూకి కూడా ఒకటికి మించి షోలున్నాయి. బుధవారం ‘డైనమైట్’, 2023 జూన్ నుంచి శనివారం ‘కొలిజన్’. అక్కడ డ్రాఫ్ట్ అంటూ ఏదీ పెట్టలేదు, ఛాంపియన్లు రెండు చోట్లా కనిపిస్తారు. కానీ ‘కొలిజన్’ మొదలైన కొత్తలో అది ఎక్కువగా సీఎం పంక్ అనే రెజ్లర్ షోలా, ‘డైనమైట్’ అవతలివాళ్ల షోలా నడిచింది. అంతకు ముందు ఏడాది తెర వెనక నిజంగానే కొట్టుకున్న మనుషుల్ని దూరంగా ఉంచే పని కూడా ఆ విభజనే చేసింది. ఇంకో గొడవ తర్వాత సెప్టెంబర్‌లో పంక్‌ను తీసేశారు, దాంతో ఆ గీతా చెరిగిపోయింది.

మనకెందుకు ఇంత గందరగోళం?

అమెరికాలో చూసేవాళ్లకి గోడ కళ్లెదుటే ఉంటుంది. 2025 జనవరి 6 నుంచి ‘రా’ నెట్‌ఫ్లిక్స్‌ది. పదేళ్లకి 500 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం. ‘స్మాక్‌డౌన్’ 2024 సెప్టెంబర్‌లో తిరిగి యూఎస్ఏ నెట్‌వర్క్‌కి చేరింది. రెండు షోలకీ రెండు వేర్వేరు బిల్లులు. మనకు మాత్రం ఒకప్పుడు రెండూ ఒకే స్పోర్ట్స్ చానల్లో, ఇప్పుడు రెండూ ఒకే యాప్‌లో. గోడకు అసలు కారణమైన చానళ్ల పోటీ ఇక్కడ కనిపించనే కనిపించదు. ఇక కంపెనీ మన దగ్గరకి వచ్చినప్పుడు సరేసరి. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన సూపర్‌స్టార్ స్పెక్టకిల్‌లో, అప్పట్లో ‘స్మాక్‌డౌన్’లో కనిపిస్తున్న జాన్ సీనా, ‘రా’ ఛాంపియన్ సెత్ రాలిన్స్ ఒకే జట్టుగా ఆడారు. ఏడాదికోసారైనా రాని ఊరికి సగం మందినే తెస్తే టికెట్ కొన్నవాడు ఊరుకోడు కదా.

‘రా’ నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లే సమయంలో కంపెనీ కొత్తగా ‘ట్రాన్స్‌ఫర్ విండో’ అన్న మాట తెచ్చింది. ఫుట్‌బాల్ నుంచి అరువు తెచ్చుకున్న మాట. ఫుట్‌బాల్‌లో దానికి తేదీలుంటాయి, క్లబ్బులు డబ్బు చెల్లించుకుంటాయి. ఇక్కడ చెల్లించేవాడూ పుచ్చుకునేవాడూ ఒకడే. ఒక రాత్రంతా పేర్లు చదివే డ్రాఫ్ట్ హడావుడి లేకుండా కథకి కావాల్సినప్పుడు ఒకరిద్దర్ని అటు నుంచి ఇటు తేవడానికి వీలుగా ఉంటుందని దీన్ని వాడుతున్నారు. కాబట్టి ఈ వారం ‘రా’లో చూసినవాడు వచ్చే వారం ‘స్మాక్‌డౌన్’లో కనిపిస్తే ముందు చూడాల్సింది రూల్ పుస్తకం కాదు, ఆ షోలో ఎవరికి గాయమైందో, ఏ బెల్టుకి ప్రత్యర్థి కరువయ్యాడో.